మైకా రేకుల మధ్య తొలి ప్రాణం?

జంతువులు పుట్టి సుమారు 60 కోట్ల ఏళ్లే. అంతకుముందు 280 కోట్ల ఏళ్లకు పైగా ఈ భూమిని ఏలినవి కంటికి ఆనని సూక్ష్మజీవులు. ఆ కథకు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంతో ఉన్న చుట్టరికం చూడండి.

● నెల్లూరు మైకా దొరికే చోట్లలో గూడూరు, రాపూరు, కావలితో పాటు ఆత్మకూరు కూడా ఉంది. ఆకుపచ్చ ఛాయ ఈ జిల్లా మైకాకు పేరు తెచ్చింది.

● తొలి ప్రాణం మైకా రేకుల మధ్యే పుట్టి ఉండవచ్చని కాలిఫోర్నియా శాస్త్రవేత్త హెలెన్ హాన్స్‌మా 2007లో ప్రతిపాదించారు. వేడికీ చలికీ రేకుల సందులు విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి. నీరు లోపలికీ బయటికీ ఆడుతుంది. ఆ కదలికే అణువులను కలిపే శక్తి అయిందనీ, కణానికి పొర ఏర్పడక ముందు ఆ సందులే గదుల్లా కాపాడాయనీ ఆమె వాదన.

● మైకా రేకులను పట్టి ఉంచేది పొటాషియం. మన కణాల లోపలా సోడియం కన్నా పొటాషియమే ఎక్కువ. సముద్రపు నీటిలో మాత్రం సోడియం ఎక్కువ. హాన్స్‌మా చూపే ఆధారాల్లో ఇదొకటి. ఈ వాదన ఇంకా రుజువు కాలేదు. పైగా ఆత్మకూరు మైకా తొలి ప్రాణం కన్నా వయసులో చిన్నది. అయినా ఖనిజం జాతి ఒకటే.

● ఆస్ట్రేలియాలోని పిల్బరా రాళ్లలో 348 కోట్ల ఏళ్లనాటి స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టుకుంటూ పోగా మిగిలిన రాళ్లివి.

● అలాంటి రాళ్లు మనకూ దగ్గరలోనే ఉన్నాయి. ఉదయగిరికి పడమటనున్న వెలిగొండలు కడప శిలాశ్రేణికి తూర్పు అంచు. ఆ శ్రేణిలోని వేంపల్లె డోలమైట్ రాళ్లలో 188 కోట్ల ఏళ్లు దాటిన స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. వేంపల్లె మీదుగా పారే పాపఘ్ని పెన్నలో కలుస్తుంది. ఆ పెన్న వెలిగొండలను చీల్చుకుని ఆత్మకూరు దగ్గరి సోమశిలకు చేరుతుంది.

● సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలైంది. దాన్ని వదిలినవి సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు. కేంద్రకం ఉన్న కణాల స్పష్టమైన శిలాజాలు ఆ తర్వాతి కాలానివే.

● బ్యాక్టీరియా నుంచి మనిషి దాకా ప్రతి కణమూ వాడే శక్తి నాణెం ఏటీపీ. 1929లో దాన్ని గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఆత్మకూరు వైపు పిల్లలకు మైకా ముక్క దొరికితే బడికి తీసుకెళ్లండి. పొరలు పొరలుగా విడదీసి చూపించమని సైన్సు టీచరును అడగండి. ప్రాణం పుట్టుక పాఠానికి ఈ సీమలో అంతకన్నా చేతికందే పరికరం లేదు.