వేడి చేసినా పోని విషం

రండర్రా, ఇలా అరుగు మీదికి రండి. ఏమే చిట్టీ, రాత్రంతా బయటే ఉండిపోయిన అన్నం అమ్మ పారబోస్తుంటే "మళ్ళీ వేడి చేస్తే సరిపోదా" అని అడిగావట! మంచి ప్రశ్నే వేశావు. చాలామంది పెద్దవాళ్ళూ అలాగే అనుకుంటారు.

మట్టిలోనూ, బియ్యంలోనూ, పప్పుల్లోనూ బాసిల్లస్ సీరియస్ అని ఓ సూక్ష్మజీవి ఉంటుంది. రోజులు బాగాలేకపోతే గట్టి పెంకు కట్టుకుని, గాదెలో ఎండుగింజ వానకోసం కాచుకున్నట్టు, బియ్యాన్ని అంటిపెట్టుకుని పడుకుంటుంది. ఎసరు తెర్లి అన్నం ఉడికినా దాని బీజాలన్నీ చావవు. పైగా ఆ వేడికే కొన్నింటికి మెలకువ వస్తుంది! అన్నం గోరువెచ్చబడిందా, ఇక వాటికి తిండీ తడీ వెచ్చదనం అన్నీ ఒక్కచోటే. పిల్లల్ని పెడుతూ, ఆ అన్నంలోనే విషం వదులుతాయి. ఆ విషం 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు. మన ప్రెషర్ కుక్కర్ వేడే ఇంచుమించు 120. మళ్ళీ వేడి చేస్తే క్రిములు చస్తాయి గానీ, అవి చేసిపెట్టిన విషం ఎక్కడికి పోతుంది? దానికి వాసనా లేదు, రుచీ లేదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు పట్టుకుంటాయి.

1970ల్లో లండన్‌లోని చైనా హోటళ్ళలో ఫ్రైడ్ రైస్ తిని జనం వాంతులు చేసుకున్నారు. రాశిగా వండిన అన్నాన్ని రాత్రంతా బయట ఉంచి, మర్నాడు వేయించి పెట్టేవాళ్ళు. అంతకుముందు నార్వేలో స్టీనార్ హౌగె అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఆసుపత్రిలో వెనిలా సాస్ తిన్న రోగులకు కడుపులు చెడ్డాయి. దానికి ఈ క్రిమే కారణమని తేల్చడానికి, ఆయన దాన్ని సాస్‌లో పెంచి తానే తాగేశాడు! కడుపునొప్పీ, విరేచనాలూ పట్టుకున్నాయి. ఇది పేగుల్లో చేరి తెచ్చే మరో రకం జబ్బు లెండి. 1955లో ఆ సంగతులు ప్రచురించాడు. నిజం తేల్చుకోవాలన్న ఆ పట్టుదల చూస్తే నాకెంతో ముచ్చటేస్తుంది. మీరు మాత్రం అలాంటివి చెయ్యకండేం!

మరి చద్దన్నం సంగతేమిటంటారా? అన్నంలో మజ్జిగ కలిపి ఉంచితే పులుపు పుట్టించే మంచి క్రిములు ముందే పాతుకుంటాయి. ఆ పులుపులో ఈ జీవి ఎదగలేదు. చింతపండు పులిహోర ప్రయాణాలకు పనికొచ్చేదీ అందుకే.

పెళ్ళిళ్ళలో పెద్ద గుండిగల్లో మిగిలిన అన్నం చూశారా? పైన చల్లగా ఉన్నా, గరిటె లోపలికి దించితే తెల్లారేసరికి కూడా నడిమధ్య వెచ్చగానే తగులుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడే క్రిములకు పండగ. అందుకే మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళేల్లో పలచగా పరిచి, ఆరగానే, గంట రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టమనండి. మర్నాటికల్లా తినెయ్యాలి.

ఒకవేళ వాంతులూ విరేచనాలూ అయితే, ఓఆర్ఎస్ పొట్లం గానీ, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి గానీ కొద్దికొద్దిగా తాగించాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి సుమా. విరేచనంలో రక్తం పడినా, మూత్రం ఆగినా, బిడ్డ మగతగా ఉన్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.