మీకు తెలుసా? ఫ్రీమాంట్ రోడ్డు మీద చాప్లిన్

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి దోసెల హోటళ్ళు, గుడి, టెస్లా ఫ్యాక్టరీ, మంచి స్కూళ్ళ పుణ్యమా అని ఆకాశాన్నంటిన ఇళ్ళ ధరలు. ప్రపంచమంతటినీ నవ్వించిన ఒక హాస్యగాడు ఇదే ఊళ్ళో కొన్నాళ్ళు కాపురం పెట్టాడని చెబితే మాత్రం సగం మంది నమ్మరు. ఆ కథ ఇది. మధ్యమధ్య కాస్త పక్కదారి పడతాను, ఓపిక పట్టండి.

● చాప్లిన్ వచ్చేనాటికి ఫ్రీమాంట్ అనే ఊరే లేదు. నైల్స్, సెంటర్‌విల్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు ఊళ్ళు కలిసి 1956 జనవరి 23న ఫ్రీమాంట్ అయ్యాయి. ఆయన సినిమాలు తీసింది 1915లో, నైల్స్‌లో. కొండలు, లోయ, వాగు, రైలు. కౌబాయ్ సినిమాలకి ఇంతకంటే ఏం కావాలి? అమెరికాని ఈ కొస నుంచి ఆ కొసకి కలిపిన తొలి రైలుమార్గం 1869లో నైల్స్ లోయలోంచే సాగింది.

● అక్కడున్న స్టూడియో పేరు ఎస్సనే. ఏ దేవత పేరో అనుకునేరు. స్పూర్, అండర్సన్ అని ఇద్దరు భాగస్వాములు. వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలు కలిపి గబగబా అంటే వచ్చే ‘ఎస్ అండ్ ఏ’యే ఎస్సనే. ఈ అండర్సన్ ‘బ్రాంకో బిల్లీ’గా తెరమీద తొలి కౌబాయ్ హీరో. అసలు పేరు మాక్స్ ఆరన్సన్. 1912 నుంచి 1916 దాకా ఆ కంపెనీ నైల్స్‌లో తీసిన సినిమాలు 350 పైనే, దాదాపు అన్నీ చిన్నవే. మన లెక్కలో వారానికి ఒకటికి తక్కువ కాకుండా!

● చాప్లిన్‌కి సొంత ఊరంటూ నిలకడగా ఒకటి లేదు. 1889లో లండన్‌లో పుట్టాడు. తల్లి హన్నా మ్యూజిక్ హాళ్ళలో పాటలు పాడేది. ఆల్డర్‌షాట్‌లో ఒక రాత్రి ఆమె గొంతు పూడుకుపోతే, ఐదేళ్ళ కొడుకుని స్టేజీ మీదికి తోశారు. పిల్లాడు పాట అందుకోగానే జనం చిల్లర విసిరారు. వాడు పాట ఆపి, ముందు డబ్బులేరుకుని తర్వాత పాడతానన్నాడట! హాలంతా ఒకటే నవ్వు. ఏడేళ్ళకి అమ్మతో, అన్నతో కలిసి దిక్కులేని పేదలుండే వర్క్‌హౌస్‌లో. ఆపైన చెక్కబూట్ల నాట్యబృందంలో చేరి ఊరూరా తిరుగుడు. పద్నాలుగేళ్ళకి షెర్లాక్ హోమ్స్ నాటకంలో పనికుర్రాడి వేషం.

● నేటి భాషలో చెప్పాలంటే చాప్లిన్ ఒకసారి స్టాండప్ కామెడీ చేశాడు. చేసి, చావుదెబ్బ తిన్నాడు.

ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. కుర్రతనంలో, సొంతంగా పైకి రావాలన్న ఆత్రంలో, యూదు కమెడియన్ వేషం కట్టాడు. అమెరికా నుంచి వచ్చిన జోకుల పుస్తకంలోంచి జోకులు, పాటలు ఏరుకున్నాడు. యాస సాధన చేశాడు. లండన్‌లోని ఫారెస్టర్స్ మ్యూజిక్ హాల్లో ప్రయత్నించి చూసుకోమని అవకాశమిచ్చారు. ఆ హాలున్నది యూదులు నివసించే పేటలో! ఆయన ఎక్కుపెట్టిన జోకులేమో పాతచింతకాయ పచ్చడి, పైగా యూదుల్నే ఎగతాళి చేసేవి. యాస కూడా కుదరలేదు. రెండు జోకులయ్యాయో లేదో చిల్లర డబ్బులు, నారింజ తొక్కలు స్టేజీ మీద పడ్డం మొదలైంది. కాళ్ళతో నేలని దబదబా బాదుతున్నారు. ఏం జరుగుతోందో మొదట అర్థం కాలేదట. అర్థమయ్యాక ఇంకా వేగంగా చెప్పుకుంటూ పోయాడు. తెర వెనక్కి రాగానే మేనేజరు తీర్పు వినేదాకా ఆగలేదు, పాటల పుస్తకాలు కూడా తీసుకోకుండా బయటపడ్డాడు.

ఐదేళ్ళప్పుడు అవే చిల్లర డబ్బులు మెప్పుగా పడ్డాయి. ఇప్పుడు రాళ్ళలా పడ్డాయి. నాకు అనిపించేదేమిటంటే, మాటల జోకు మీద ఆయనకి జీవితాంతం మిగిలిన అనుమానం ఆ రాత్రిదే. 1927 నుంచి సినిమాలు ఒక్కొక్కటే మాటలు నేర్చుకుంటుంటే 1931లో ‘సిటీ లైట్స్’ని సంభాషణల్లేకుండా తీసిన మనిషి మరి.

● ఆ తర్వాత ఫ్రెడ్ కార్నో హాస్యబృందం. 1909లో పారిస్, 1910లో అమెరికా. అదే ఓడలో, అదే బృందంలో ఇంకో బక్కపలచటి కుర్రాడున్నాడు. తర్వాత ‘లారెల్ అండ్ హార్డీ’లో లారెల్ అతనే.

● మన జాబ్ చేంజ్ వీరులకి ఒక లెక్క. 1914లో కీస్టోన్ కంపెనీలో చాప్లిన్ జీతం వారానికి 150 డాలర్లు. ఏడాది తిరిగాక ఎస్సనే ఇచ్చింది వారానికి 1,250, చేరినందుకు బోనస్ 10,000. మరుసటి ఏడు మ్యూచువల్ కంపెనీ వారానికి 10,000, బోనస్ 1,50,000. రెండేళ్ళు తిరిగేసరికి! సిలికాన్ వ్యాలీలో ఈ హైక్‌ని ఇప్పటికీ కథలుగా చెప్పుకోవచ్చు.

● ఇంత జీతగాడికి నైల్స్‌లో దొరికిన బస చూడండి. అండర్సన్ బంగళాలో ఒక గది, ఇనుప మంచం, బోసి బల్బు. అండర్సన్ లాంటి కోటీశ్వరుడు ఇలా బతుకుతాడా అని బిత్తరపోయాడట. అక్కణ్ణుంచి షికాగో వెళ్ళి అక్కడొక సినిమా తీశాడు. అక్కడి పద్ధతులు అసలే నచ్చక మళ్ళీ నైల్స్‌కే వచ్చాడు. కొద్దినెలల్లో ఐదు సినిమాలు: ‘ఎ నైట్ ఔట్’, ‘ది ఛాంపియన్’, ‘ఇన్ ది పార్క్’, ‘ఎ జిట్నీ ఎలోప్‌మెంట్’, ‘ది ట్రాంప్’. ఆనక లాస్ ఏంజెలెస్‌కి చెక్కేశాడు.

● ఆ ఐదింటిలో ఒక్కటే చూడగలిగితే ‘ది ట్రాంప్’ చూడండి. 1915 ఏప్రిల్‌లో విడుదలైంది. దేశదిమ్మరి ఒకడు దొంగల బారి నుంచి రైతు కూతుర్ని కాపాడతాడు. పొలంలో పని దొరుకుతుంది. పాలు పితకమంటే ఆవు తోకని బోరింగు పంపులా కొడతాడు. దొంగలు మళ్ళీ వస్తే తరుముతాడు, కాలికి తూటా తగులుతుంది, పిల్ల సేవ చేస్తుంది. ఇక మనవాడి పంట పండిందనుకునేసరికి ఆమె ప్రియుడు ఊడిపడతాడు. ఒక చీటీ రాసిపెట్టి, మూట కర్రకి తగిలించుకుని బయల్దేరతాడు.

చివరి షాటు. మట్టిరోడ్డు. మనకి వీపు చూపిస్తూ వెళ్తున్నాడు. భుజాలు జారిపోయి ఉన్నాయి, అడుగు బరువుగా పడుతోంది. కాస్త దూరం పోయాక ఉన్నట్టుండి ఒళ్ళు ఒకసారి విదుల్చుకుంటాడు, కాలొకటి అలా ఎగరేస్తాడు, నడకలోకి చురుకు వస్తుంది. తెర మీద చుట్టూ నల్లటి వలయం మూసుకుపోతుంది. ఒక్క మాట లేదు. తర్వాత ఇరవయ్యేళ్ళపాటు ఆయన సినిమాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించిన ఆ నడక మొదట నడిచింది నైల్స్ దగ్గరి రోడ్డు మీద.

● రైతు కూతురిగా వేసిన ఎడ్నా పర్వయన్స్ అప్పటిదాకా నటి కాదు. నెవాడా నుంచి వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో గుమాస్తా పని చేస్తున్న అమ్మాయి. ‘ఎ నైట్ ఔట్’ ఆమె మొదటి సినిమా. ఆపైన చాప్లిన్‌తో ముప్పై పైచిలుకు సినిమాలు. నటన మానేశాక కూడా 1958లో చనిపోయేదాకా ఆమెకి చాప్లిన్ కంపెనీ నుంచి జీతం అందుతూనే ఉంది.

● 1931 సెప్టెంబరులో లండన్‌లో గాంధీజీని చాప్లిన్ కలిశాడు. ఈ చాప్లిన్ ఎవరో మహాత్ముడికి తెలియదు, చెప్పాల్సి వచ్చింది. యంత్రాలంటే మీకెందుకు పడదని చాప్లిన్ అడిగాడు. 1936లో వచ్చిన ‘మోడరన్ టైమ్స్’లో మరలు బిగించీ బిగించీ పిచ్చెక్కిన కార్మికుణ్ణి చూస్తే ఆ సంభాషణ గుర్తొస్తుంది. ఇప్పుడదే ఫ్రీమాంట్‌లో మరమనుషులు కార్లు బిగిస్తున్నాయి!

● చాప్లిన్ అమెరికా పౌరసత్వం ఎప్పుడూ తీసుకోలేదు. నలభై ఏళ్ళ దాకా అక్కడే ఉన్నాడు, పన్నులు కట్టాడు, స్టూడియో కట్టాడు. 1952 సెప్టెంబరులో ‘లైమ్‌లైట్’ విడుదలకని లండన్ బయల్దేరితే, ఓడ సముద్రం మీద ఉండగానే తిరిగొచ్చే అనుమతి రద్దయింది. కమ్యూనిస్టన్న అనుమానం ఒకటి, నడవడి మీద ఆరోపణలు ఇంకొకటి. స్విట్జర్లాండ్‌లో స్థిరపడ్డాడు. 1972లో గౌరవ ఆస్కార్ అందుకోడానికి మళ్ళీ అమెరికాలో అడుగుపెడితే హాలంతా లేచి నిలబడి నిమిషాల తరబడి చప్పట్లు కొట్టింది. ఇండియాకి వెళ్తే వీసా స్టాంపింగ్ ఏమవుతుందోనని టికెట్ రద్దు చేసుకునే మనవాళ్ళకి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.

● చాప్లిన్‌కి అచ్చిరాని స్టాండప్‌లోకి వద్దాం. బే ఏరియాలో మైకు పట్టిన దేశదేశాల కుర్రాళ్ళలో కబీర్ సింగ్ ఒకడు. అందరూ ‘కబీజీ’ అనేవారు. పోర్ట్‌లాండ్‌లో పుట్టి, దక్షిణాఫ్రికాలో, ముంబైలో పెరిగినవాడు. 2021లో ‘అమెరికాస్ గాట్ టాలెంట్’తో దేశమంతా తెలిశాడు. 2024 డిసెంబరులో, 39 ఏళ్ళకే పోయాడు.

● మనవాళ్ళూ తక్కువ తినలేదు. హరి కొండబోలు న్యూయార్క్ క్వీన్స్‌లో తెలుగు దంపతులకి పుట్టినవాడు. 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అనే డాక్యుమెంటరీ తీశాడు. ‘సింప్సన్స్’ కార్టూన్లో కిరాణాకొట్టు నడిపే భారతీయుడు అపుకి తెల్లనటుడు హాంక్ అజేరియా పెట్టిన యాసని పట్టుకుని, మమ్మల్ని స్కూల్లో ఏడిపించింది ఈ గొంతుతోనే అని నిలదీశాడు. 2020లో అజేరియా ఆ పాత్ర వదులుకున్నాడు. ఫారెస్టర్స్ హాల్లో నారింజ తొక్కలు విసిరినవాళ్ళు అడిగిందీ అదే కదా! అన్నట్టు, అపర్ణ నాంచర్ల కూడా మన అమ్మాయే. ఆందోళన మీద, బిడియం మీద నవ్విస్తుంది.

● నైల్స్ స్టూడియో 1916లో మూతపడింది, 1933లో కూల్చేశారు. నైల్స్ బులెవార్డ్‌లో 1913 నాటి ఎడిసన్ థియేటర్ మాత్రం నిలిచే ఉంది. అందులోనే నైల్స్ ఎస్సనే మూకీ సినిమా మ్యూజియం నడుస్తోంది. శనివారాల్లో మూకీలు వేస్తారు, పక్కన పియానో వాయిస్తూ. ఆట ఉందో లేదో ముందు వాళ్ళ వెబ్‌సైటులో చూసుకోండి. ఆర్నెల్లకని ఇండియా నుంచి వచ్చి, ఇంగ్లీషు రాక ఇంట్లో విసుగెత్తిపోతున్న అమ్మనో మావగారినో తీసుకెళ్ళండి. మధ్యలో వచ్చే నాలుగు వాక్యాలు మీరు చెవిలో చెబితే చాలు.