పాత ఫోను మార్చాలా, వద్దా?

దసరా ఆఫర్లు మొదలయ్యాయంటే పెందుర్తి కూడలిలోని సెల్ షాపుల్లో ఒకటే ప్రశ్న: "ఇది హ్యాంగవుతోంది, ఎక్స్ఛేంజ్‌లో ఎంతిస్తారు?" ఉక్కు కర్మాగారంలో డ్యూటీ దిగి వచ్చినవారైనా, కొత్తవలస వైపు నుంచి బస్సెక్కి వచ్చినవారైనా అడిగేది అదే. ఫోను ఎందుకు నెమ్మదించిందని మాత్రం చాలామంది అడగరు. అనవసరంగా వేలు ఖర్చయ్యేది అక్కడే.

అపోహ: రెండు మూడేళ్లు దాటితే ఫోను పని అయిపోయినట్టే.

వాస్తవం: ముందుగా సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్టోరేజ్ చూడాలి. 64 జీబీ ఫోనులో 62 జీబీ నిండిపోతే అది తడబడక మానదు. విప్పి చూస్తే అందులో సగం వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిపడిన గుడ్‌మార్నింగ్ బొమ్మలు, చుట్టాల పెళ్లి వీడియోలు, ఒకే ఫొటోకి నాలుగు కాపీలు. అవి తీసేస్తే పైసా ఖర్చు లేకుండానే చాలా ఫోన్లు తేరుకుంటాయి.

ఆ తర్వాత బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ వాడేకొద్దీ అరుగుతుంది. యాపిల్ లెక్క ప్రకారం ఐఫోన్ 14 వరకు వచ్చిన ఫోన్లలో 500 పూర్తి ఛార్జింగ్‌ల తర్వాత, ఐఫోన్ 15 నుంచి 1000 తర్వాత బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి చేరవచ్చు. అరిగిన బ్యాటరీ వల్ల ఫోను ఉన్నట్టుండి ఆగిపోకుండా, పాత ఐఫోన్ల వేగాన్ని తామే తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆ సంస్థ ఒప్పుకుంది. క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. ఛార్జింగ్ నిలబడటం లేదంటే మార్చాల్సింది ముందు బ్యాటరీ. అయితే బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేస్తే ఆ ఫోనును ఛార్జింగ్‌కు పెట్టకుండా వెంటనే షాపులో చూపించాలి.

మరి ఫోను నిజంగా ఎప్పుడు మార్చాలి? భద్రతా అప్‌డేట్లు ఆగిపోయినప్పుడు. కొనేటప్పుడు అందరూ కెమెరా అడుగుతారు, దీన్ని అడిగేవారు తక్కువ. కానీ చేతిలోని ఫోనే ఈ రోజుల్లో బ్యాంకు పాస్‌బుక్కు, డబ్బుల పర్సు. గూగుల్ పిక్సెల్ 8కి 2023లో, శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కి 2024లో ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించారు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఈ గడువు ఇంకా చిన్నది. సెట్టింగ్స్‌లో 'సెక్యూరిటీ అప్‌డేట్' తేదీ ఏడాది కిందట ఆగిపోయి ఉంటే, ఫోను ఎంత చురుగ్గా ఉన్నా యూపీఐకి అది తగదు.

అపోహ: 5జీ వచ్చాక 4జీ ఫోను దండగ.

వాస్తవం: విశాఖలో జియో 5జీ 2022 డిసెంబరు 26న మొదలైంది. 4జీ ఆగిపోలేదు. కాల్స్, వాట్సాప్, యూపీఐ, యూట్యూబ్ అన్నీ దాంట్లోనే హాయిగా నడుస్తాయి. ఇంటిల్లిపాదీ ఒకే ఫోను హాట్‌స్పాట్ మీద ఆధారపడితే మాత్రం 5జీకి పెట్టే డబ్బుకు అర్థం ఉంది.

అపోహ: వాటర్‌ప్రూఫ్ ఫోనైతే ఆర్కే బీచ్‌లో తడిసినా ఏమీ కాదు.

వాస్తవం: వాటర్‌ప్రూఫ్ అనిపించే ఐపీ68 రేటింగ్‌కు పరీక్ష చేసేది మంచినీటిలో. ఉప్పునీరు ఛార్జింగ్ పోర్టును తినేస్తుంది. నీటివల్ల జరిగిన నష్టానికి సాధారణంగా వారంటీ ఉండదు. ఆ ఒక్క మాట నమ్మి ఖరీదైన మోడల్‌కి వెళ్లొద్దు.

అపోహ: నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేని అప్పు.

వాస్తవం: సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీ మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా చూపి నెలనెలా తిరిగి వసూలు చేస్తారు. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు వేరు. రొక్కానికి ఎంత తగ్గిస్తారో అడిగితే తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది.

అపోహ: పిల్లల చదువుకు కొత్త ట్యాబ్ ఉండాల్సిందే.

వాస్తవం: 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు సుమారు 5.18 లక్షల ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. అవి శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్, 3 జీబీ ర్యామ్ మాత్రమే. పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు కాబట్టి నెట్ లేని ఊళ్లలోనూ పనిచేశాయి. వీడియో పాఠానికి, పీడీఎఫ్‌కి అంతకుమించి అక్కర్లేదు. భారీ గేములు ఆడాలంటే చాలదు, కానీ ఆ లోటును చదువు ఖాతాలో రాయడం సరికాదు.

అన్నీ చూసుకున్నాక కూడా మార్చక తప్పకపోతే, సెకండ్‌హ్యాండ్ ఫోను చిన్నతనమేమీ కాదు. డబ్బు చేతిలో పెట్టేముందు ఆ ఫోనులో *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు చూడండి. ఇంగ్లిష్‌లో కేవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాక్‌లిస్టులో ఉందని జవాబొస్తే ఎంత చవకైనా ఆ ఫోను కొనకండి.