దూడకు జున్నుపాలు... మరి బిడ్డకో?

గేదె ఈనిందంటే ఇంటిల్లిపాదీ కొట్టం దగ్గరే. మాయ పడిందా, దూడ లేచి పొదుగు అందుకుందా అని అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని కాపలా కాస్తారు. మొదటి గంటల్లోనే జున్నుపాలు తాగకపోతే దూడ నిలవదని రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. (మిగిలినవి జున్ను కావడం వేరే సంగతి!) అదే ఇంట్లో కోడలు ప్రసవిస్తే మాత్రం, పచ్చగా చిక్కగా వచ్చే తొలిపాలు 'మంచివి కావు' అని పిండి పారబోయించి, బిడ్డ నాలుకకు తేనె రాసే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆ ముర్రుపాలే బిడ్డకు రోగాలను అడ్డుకునే మొదటి రక్షణ. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు. ఎండాకాలమైనా నీళ్లు పట్టక్కర్లేదు. మొదటి రోజు స్నానం వద్దు. ఒళ్లు తుడిచి, తల్లి గుండెలకు ఆనించి, పైన పొడిబట్ట కప్పితే వెచ్చగా ఉంటుంది. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏమీ రాయకండి. పొడిగా ఉంచితే దానంతటదే రాలిపోతుంది.

ఇక బాలింత పథ్యం. దాహమన్నా నీళ్లివ్వరు, రెండు ముద్దల కారప్పొడి అన్నంతో సరి. దాణా తగ్గిస్తే గేదె పాలు తగ్గుతాయని ఎరిగినవాళ్లమే ఇలా చేస్తే ఎలా? పప్పు, ఆకుకూర, గుడ్డు కడుపునిండా పెట్టాలి. నీళ్లు దాహం తీరేంత తాగనివ్వాలి. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక కూడా ఆరు నెలలు వేసుకోవాలి. తలుపులు బిగించి కుంపటి పెడితే ఆ పొగ తల్లీబిడ్డలిద్దరికీ చేటు.

పత్తితీతల రోజుల్లో కూలి పోతుందని నెల తిరక్కుండానే చేలోకి దిగే తల్లులున్నారు. కనీసం ఆరు వారాలు బరువు పనులు చెప్పకండి. మందు కొట్టి వచ్చిన మగవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. ఆ బట్టలు బిడ్డ గుడ్డలతో కలిపి ఉతకొద్దు.

గంటలోపే బట్ట తడిసిపోయేంత రక్తం పోతున్నా, జ్వరం, ఫిట్స్, విపరీతమైన తలనొప్పి, దుర్వాసనతో మైల కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, డొక్కలెగరేస్తున్నా, అరిచేతులు, అరికాళ్లు పచ్చబడినా అంతే. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రిలో కాన్పయినా ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలి. రాకపోతే మొహమాటపడకుండా కబురు పెట్టండి.