లేజర్ దాకా వెళ్లే ముందు...

మా ఆసుపత్రి ఓపీలో మధ్యాహ్నం ఒంటిగంట దాటాక రద్దీ కాస్త పలచబడుతుంది. తమ వంతు వచ్చినా వెనకవాళ్లను ముందుకు పంపుతూ అప్పటిదాకా కూర్చునే ఆడవాళ్లు కొందరుంటారు. చివరికి లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, ‘మూత్రంలో మంట’ అంటారు. చాలాసార్లు ఆ మాట వెనక ఇంకో మాట ఉంటుంది. అదంత తేలిగ్గా బయటికి రాదు.

యాభై రెండేళ్ల ఆవిడొకరు అలాగే వచ్చారు. ఆ ఏడాది అది నాలుగోసారి. ముందు మూడుసార్లూ యాంటీబయాటిక్ రాసి పంపించాం. అందులో ఒక చీటీ నేను రాసిందే. ఈసారి ఆవిడ సంచిలోంచి ఓ రంగుల కరపత్రం తీసి బల్ల మీద పెట్టారు. యోని లేజర్ చికిత్స ప్రకటన అది. కోత లేదు, మందుల్లేవు, మూడు సిట్టింగులు చాలని ఉంది. ‘గాజులు కుదువ పెడదామనుకుంటున్నానమ్మా. మా ఆయనకు చెప్పలేదు. దగ్గరికొస్తే బ్లేడుతో కోసినట్టుంటోంది. రెండేళ్ల నుంచి వేరే గదిలో పడుకుంటున్నా’ అన్నారు.

మొదటి రోజే నేను అడగాల్సిన ప్రశ్న అడిగి ఉంటే ఈ మాట అప్పుడే బయటికొచ్చేది. మీ ఇంట్లోనూ ఇలా చెప్పుకోలేక బాధపడుతున్నవాళ్లు ఉండొచ్చు. అందుకే ఇదంతా రాస్తున్నా.

అసలేం జరుగుతుంది?

మన దేశంలో చాలామందికి 46-47 ఏళ్ల ప్రాంతంలో నెలసరి ఆగిపోతుంది. దాంతో ఈస్ట్రోజన్ హార్మోన్ బాగా పడిపోతుంది. యోని గోడను మందంగా, తడిగా, సాగేలా ఉంచేది ఈ హార్మోనే. అది తగ్గితే గోడ పలచబడి, పొడిబారుతుంది. అక్కడి మేలు చేసే బ్యాక్టీరియా తగ్గి, ఆమ్లగుణం పోతుంది. పక్కనే ఉన్న మూత్రమార్గమూ ఇదే హార్మోన్ మీద ఆధారపడుతుంది. అందుకే దురద, మంట, కలయికలో నొప్పితో పాటు మాటిమాటికీ మూత్రం రావడం, ఇన్‌ఫెక్షన్లు తిరగబెట్టడం కూడా ఉంటాయి. నెలసరి ఆగిన మహిళల్లో దాదాపు సగం మందికి ఈ బాధ ఏదో ఒక స్థాయిలో ఉంటుంది. ఒంట్లోంచి ఆవిర్లు రావడం కొన్నేళ్లకు సద్దుమణుగుతుంది. ఇది మాత్రం చికిత్స చేయకపోతే పెరుగుతూ పోతుంది.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశ సగటు కన్నా చాలా ఎక్కువ. ఆ ఆపరేషన్‌లో అండాశయాలూ తీసేస్తే, నలభై ఏళ్లకే ఈ ఇబ్బంది ఒక్కసారిగా మీద పడుతుంది.

లేజర్ ఏం చేస్తుంది?

యోనిలోకి సన్నని గొట్టం లాంటి పరికరాన్ని పంపి, కార్బన్ డై ఆక్సైడ్ లేజర్‌తో గోడ మీద చుక్కలు చుక్కలుగా సూక్ష్మమైన గాయాలు చేస్తారు. అవి మానే క్రమంలో కొత్త కొల్లాజెన్ పుట్టి గోడ బలపడుతుందని ఆశ. వినడానికి సబబుగానే ఉంటుంది. తొలి రోజుల్లో జరిగిన చిన్న అధ్యయనాల్లో చాలామంది ‘బాగుంది’ అనే చెప్పారు. అయితే వాటిలో చాలావాటికి పోల్చి చూసేందుకు మరో బృందం లేదు.

ఆస్ట్రేలియా వైద్యులు ఆ పని చేశారు. నెలసరి ఆగిన 85 మంది మహిళలను రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి అసలు లేజర్, రెండో బృందానికి ఉత్తుత్తి లేజర్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. కణజాలం ముక్క తీసి పరీక్షించినా తేడా కనిపించలేదు. ఈ ఫలితాలు 2021లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చాయి. ఉత్తుత్తి లేజర్‌తోనూ కొందరికి ఊరట కలిగిందంటే ఆశ్చర్యం లేదు. ఏళ్ల తరబడి దాచుకున్న బాధను ఒకరు శ్రద్ధగా విన్నా మనిషికి సగం భారం దిగుతుంది.

అంతకుముందే, 2018 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. ఈ పరికరాలకు పులిపిర్లు, అసాధారణ కణజాలం తొలగించడం వంటి వాటికే తాను అనుమతిచ్చానని, మెనోపాజ్ లక్షణాల విషయంలో వీటి భద్రత, ప్రయోజనం రుజువు కాలేదని చెప్పింది. కాలిన గాయాలు, మచ్చ కట్టడం, కలయికలో నొప్పి, విడవని నొప్పి వంటి ఫిర్యాదులు వచ్చాయనీ తెలిపింది. అలాగని లేజర్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ హాని జరుగుతుందని కాదు. పరిశోధనలు ఇంకా సాగుతున్నాయి. కానీ గాజులు కుదువ పెట్టేంత రుజువు మాత్రం ఇప్పటికి లేదు.

మరేం చేయాలి?

* ముందు పరీక్ష చేయించుకోండి. మధుమేహం వల్ల వచ్చే ఫంగస్, కొన్ని చర్మ జబ్బుల్లోనూ ఇలాంటి దురద, మంటే ఉంటాయి. మంట ఉన్న ప్రతిసారీ ఇన్‌ఫెక్షనే అనుకోకుండా యూరిన్ కల్చర్ చేయించడం మంచిది.

* సబ్బు, డెటాల్, సువాసన ద్రవాలతో లోపల కడగడం మానేయండి. మామూలు నీళ్లు చాలు.

* కలయిక సమయంలో నీటి ఆధారిత లూబ్రికెంట్, మిగతా రోజుల్లో యోని మాయిశ్చరైజర్ వాడుకోవచ్చు. బాధ కొద్దిగానే ఉంటే వీటితోనే సరిపోవచ్చు.

* తగ్గకపోతే యోనిలో రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీమ్ ఉంది. మామూలుగా తొలి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు వాడతారు. పూర్తి గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మూత్ర ఇన్‌ఫెక్షన్లు తిరగబెట్టడమూ తగ్గుతుంది. ట్యూబు ఖరీదు వందల్లోనే ఉంటుంది. డాక్టర్ చీటీతోనే వాడాలి.

‘హార్మోన్ అంటే క్యాన్సర్ వస్తుందేమో’ అని చాలామంది భయపడతారు. ఈ క్రీమ్ పనిచేసేది రాసిన చోటే, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. అమెరికాలో వేలాది మహిళలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో దీనివల్ల రొమ్ము క్యాన్సర్, గర్భాశయ క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు మాత్రం తమ క్యాన్సర్ వైద్యుల్ని అడిగాకే వాడాలి.

ఇది మాత్రం వాయిదా వేయొద్దు

నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా గైనకాలజిస్టును కలవండి. పొడిబారడం వల్లే కావొచ్చు. కానీ గర్భాశయ క్యాన్సర్‌కూ అదే మొదటి సూచన కావొచ్చు. అది తేలకుండా లేజరూ వద్దు, క్రీమూ వద్దు.

ఆవిడకు కల్చర్‌లో క్రిములేమీ కనిపించలేదు. గైనకాలజీ విభాగంలో పరీక్షించి క్రీమ్ రాశారు. మూడు నెలలకు మళ్లీ వచ్చి, రాత్రిళ్లు లేవడం తగ్గింది, మంట లేదని చెప్పారు. చేతులకు గాజులున్నాయి. మిగతా సంగతి ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. వాళ్లాయన మాత్రం ఈసారి కూడా వచ్చి, బయట బెంచీ మీద చీటీ పట్టుకుని కూర్చున్నారు.

మీ ఇంట్లో ఎవరైనా నెలకోసారి ‘మూత్రంలో మంట’ అంటుంటే, మాత్రలు తెచ్చిచ్చి ఊరుకోకండి. తోడుగా ఆసుపత్రికి వెళ్లండి. లోపల ఆవిడ చెప్పలేకపోతే ‘నెలసరి ఆగిన దగ్గర్నుంచి ఇలా ఉంది’ అని ఒక్క మాట మీరే చెప్పండి.