మీకు తెలుసా? గంటకు 30 మిల్లీలీటర్లు

కిడ్నీలు మొరాయిస్తున్నాయని వార్డులో ముందుగా పసిగట్టేది చాలాసార్లు నర్సే. పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకు, గంటకు కనీసం అర మిల్లీలీటరు మూత్రం రావాలి. 60 కిలోల మనిషికి 30 మిల్లీలీటర్లు. వరసగా కొన్ని గంటలు అంతకు తగ్గితే డాక్టరుకు కబురు వెళ్లాల్సిందే. యూరిన్ బ్యాగు మీది గీతలు ఉజ్జాయింపువే. అందుకే మూత్రాన్ని కొలజాడీలోకి వంపి, దాన్ని చదునైన చోట పెట్టి, కంటి మట్టానికి వంగి చూసి చార్టులో రాస్తారు. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు.

రక్తంలో క్రియాటినిన్ మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండలేం; పనితీరు దాదాపు సగం పోయేదాకా అది పెరగకపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంకో తిరకాసు. అక్కడ ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. స్ట్రిప్ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలామంది తప్పిపోతారు.

ఇక కిడ్నీలో రాళ్ల సంగతి. నిమ్మరసంలోని సిట్రేట్ కాల్షియం రాళ్లు కట్టకుండా కొంత అడ్డుపడుతుంది. కట్టిన రాయిని కరిగిస్తుందనేది వట్టి మాట. ఉప్పు దట్టించిన నిమ్మసోడా అయితే బీపీ ఉన్న కిడ్నీ రోగికి అసలే పనికిరాదు.