గర్భస్థ శిశువు: మొదటి నాలుగు వారములు

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరు నూలు వడుకు స్త్రీలు ముందుగా కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రపరతురు. పిదప గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, రాట్నముపై వడుకుదురు. దువ్వునప్పుడు పోని నలకను దారమైన తరువాత తీయుట కష్టము. శిశువు పెరుగుదలలోను ఇట్టి క్రమమే కలదు. ఏ దశలో జరుగవలసిన పని ఆ దశలోనే జరుగవలెను.

గర్భస్థ జీవితమును మూడు దశలుగా విభజింతురు. ఫలదీకరణము నుండి రెండు వారములు బీజదశ. ఒక్క కణము అనేక కణములై గర్భాశయపు గోడను అంటుకొనును. మూడవ వారము నుండి ఎనిమిదవ వారాంతము వరకు పిండదశ. గుండె, మెదడు, కాలుసేతులు ఏర్పడునది ఇప్పుడే. ఆపైన ప్రసవము వరకు భ్రూణదశ. ఏర్పడిన అవయవములు పెరిగి పనికి సిద్ధమగును. ఒక అవయవము వేగముగా రూపొందు సమయమును దాని కీలకకాలము అందురు. హాని కలిగినచో అప్పుడే ఎక్కువ.

మెదడునకు, వెన్నుపామునకు మూలమైనది నాడీనాళము. మొదట అది పలుచని పలకవలె ఉండును. అంచులు పైకి లేచి, ఒకదానితో నొకటి కలిసి గొట్టమగును. సుమారు 28వ దినమునకు ఈ పని ముగియును. క్రిందిభాగము మూసికొననిచో వెన్నెముక చీలియుండును. పైభాగము మూసికొననిచో మెదడు సరిగా ఏర్పడదు. అప్పటికి తల్లికి నెల తప్పి రెండు వారములే! గర్భమని ఆమెకు తెలియకపోవచ్చును.

ఈ లోపమును చాలవరకు నివారించునది ఫోలిక్ ఆమ్లము. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు, బొంబాయి నూలుమిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనత ఈస్టు సారముతో నయమగునని చూపెను. అందలి గుణము ఫోలిక్ ఆమ్లముదని తరువాత తేలినది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లే పరిశోధకులు 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. ఇట్టి లోపముగల బిడ్డను అంతకుముందు కనిన తల్లులపై ఏడు దేశములలో జరిగిన పరీక్ష ఫలితములు 1991లో వెలువడినవి. మరల గర్భము ధరించుటకు ముందునుండియే దీనిని వాడినవారిలో లోపము 72 శాతము తగ్గెను.

ఆకుకూరలలో, పప్పులలో ఇది సహజరూపమున కలదు. కాని ఉడికించుటలో కొంత నశించును. కావున బిడ్డను కోరు స్త్రీ ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాములు పుచ్చుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. లోపముగల బిడ్డను కనినవారికి ఎక్కువ మోతాదు అవసరము. దానిని వైద్యుడు నిర్ణయించును.

బిడ్డ నడకకు, మాటకు, చదువుకు ఆధారమైన నాడీమండలమునకు ఈ నాళమే పునాది. నెల తప్పిన తరువాత తీసికొను జాగ్రత్తలు మిగిలిన విధముల మేలుచేయును. ఈ ఒక్క గడువు మాత్రము అప్పటికే దాటిపోవచ్చును.